తేనెమంచులో ఆరిన తెల్లకోట్లు

మా ఇంట్లో నా చేతికి తడిబట్ట ఇవ్వరు. స్నానం చేసి నా తువ్వాలు నేనే దండెం మీద వేసుకుందామని లేచినా సరే, మా ఆవిడ పరుగున వచ్చి లాక్కుంటుంది. "మీరు కూర్చోండి, మీకు పుణ్యముంటుంది" అంటుంది. పెళ్ళయిన కొత్తలో ఇదంతా నా మీద ప్రేమ అనుకున్నాను. తరవాత తెలిసింది, మా అమ్మ ఆమెకు కాపరానికి వచ్చిన రోజే ఆ కోట్ల సంగతి చెప్పేసిందని.

ఆ సంగతి మీకూ చెబుతాను. పద్దెనిమిది తెల్లకోట్లు, ఒక పెద్దమనిషి పరువు, రాబోయే నా ఉద్యోగం, ఈ మూడింటినీ ఒక్క మధ్యాహ్నంలో, ఎవరి సాయమూ లేకుండా, నేనొక్కణ్ణే ఎలా తగలేశానో వినండి. మధ్యలో నా మీద జాలి పడకండి. అంత జాలి పడదగ్గ మనిషిని కాను అప్పట్లో.

స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు. పట్నంలో బి.ఎస్సీ. ఆఖరి సంవత్సరం చదువుతున్నాను, కెమిస్ట్రీ. మాది రెడ్డిగూడెం దగ్గర పల్లె, మామిడితోటల వాళ్ళం. మా వంశంలో కాలేజీ గుమ్మం తొక్కిన మొదటివాణ్ణి నేనే. ఆ సంగతి నేను మరిచిపోలేదు, ఎదుటివాణ్ణి మరిచిపోనివ్వలేదు. సెలవులకి ఊరొస్తే పాలేరుకి నీళ్ళు ఎందుకు మరుగుతాయో చెప్పేవాణ్ణి. అతను పాపం బుద్ధిగా వినేవాడు. వినకపోతే మళ్ళీ మొదట్నించీ చెబుతానని భయం.

ఆ రోజుల్లో గుడ్డకి కంట్రోలు. చొక్కా కుట్టించుకోవాలంటే కార్డు పట్టుకుని లైన్లో నిలబడాలి. ఇక లాబొరేటరీలో తొడుక్కునే తెల్లకోట్లు ఎవడు కుట్టిస్తాడు? యుద్ధానికి ముందు కుట్టించినవి పద్దెనిమిది ఉండేవి మా లాబ్‌లో. తరాలుగా వాటినే పిల్లలు మార్చి మార్చి తొడుక్కుంటున్నారు. ఆసిడు చుక్కలు పడి చిల్లులు, రకరకాల మందుల మరకలు. దూరం నుంచి చూస్తే ప్రపంచ పటంలా ఉండేవి.

వాటి పెత్తనం నాకు అప్పగించారు హెడ్డుగారు, అంటే మా కెమిస్ట్రీ ప్రొఫెసరు. లెక్కపెట్టి ఇవ్వడం, లెక్కపెట్టి తీసుకోవడం, ఉతికించడం నా పని. ప్రాక్టికల్ పరీక్షకి వారం ముందు నన్ను గదిలోకి పిలిచారు.

"ఏమయ్యా, యూనివర్సిటీ నుంచి పరీక్ష పెట్టడానికి వచ్చే ఆయన మహా శుభ్రం మనిషట. కోట్లు మల్లెపూవుల్లా ఉండాలి."

"ఉంటాయండీ."

"వచ్చే ఏడు మనకి డిమాన్‌స్ట్రేటర్ పోస్టు ఒకటి ఖాళీ అవుతుంది. నీ పేరూ ఉంది, విశ్వనాథం పేరూ ఉంది. పరీక్ష ఎలా జరుగుతుందో చూసి నిర్ణయిస్తాను."

విశ్వనాథం నా పక్క బల్ల దగ్గర ప్రాక్టికల్స్ చేసేవాడు. అన్నిట్లో నా కన్నా తెలివైనవాడు. అందుకే నాకు గిట్టేవాడు కాదు. ఇటు మా నాన్న అప్పటికే తేల్చి చెప్పేశాడు: "పోస్టు వస్తే పట్నంలో ఉండు. రాకపోతే ఇంటికొచ్చి తోట కాపలా కాయి. ఉడతల్ని తోలడానికి బి.ఎస్సీ. సరిపోద్దో ఎమ్మే కూడా కావాలో చూద్దాం." కాబట్టి నా బతుకు ఆ పద్దెనిమిది కోట్ల మీద ఆధారపడి ఉందని మీరు గమనించాలి.

అదే సమయంలో మా పట్నం చాకలి మొరాయించాడు. "ఆ కోట్లు ముట్టుకుంటే చేతులు పొక్కుతున్నాయి, నావల్ల కాదు" అని మూట గుమ్మంలో పడేసి పోయాడు. ఇంకెవడైనా అయితే బతిమాలి, ఒకటికి రెండుసార్లు నీళ్ళలో జాడించి ఇచ్చేవాడు. నేను హెడ్డుగారి దగ్గరికి వెళ్ళి ఛాతీ విరుచుకుని చెప్పాను.

"మా ఊళ్ళో సూరయ్యని ఉన్నాడండీ. అతను ఉతికితే కాకి కొంగవుతుంది. శనివారం వెళ్ళి సోమవారం పొద్దున్న పరీక్షకి తెచ్చేస్తాను."

"చూడు మరి" అన్నారాయన.

శనివారం పొద్దున్నే కోట్లన్నీ ఇనప ట్రంకు పెట్టెలో కుక్కి బొగ్గు బస్సెక్కాను. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచే కాలం. నూజివీడు చేరేసరికి నా ముఖానికీ బస్సు గొట్టానికీ తేడా లేదు. అక్కణ్ణించి మా ఊరి మలుపు దాకా అదే బస్సు, మలుపు నుంచి బండి మీద ఇంటికి.

సూరయ్య అప్పటికి యాభై దాటినవాడు. మాటకి ముందు కాసేపు ఆగే మనిషి. వాగు ఒడ్డున కోటు ఒకటి విప్పి, చిల్లుల్లో వేళ్ళు దూర్చి చూశాడు.

"ఇయ్యేం బట్టలు బాబూ, ఎలకలు కొట్టినియ్యా?"

"ఎలకలు కాదు సూరయ్యా, ఆసిడు. నీకు అర్థం కాదులే."

"మందు నీళ్ళా? అట్టాగైతే ముందు మూడు నీళ్ళు మార్చి నానబెట్టాల. ఎకాయెకి చౌడులో వేస్తే పీలికలైపోతయ్యి."

మా పట్నం చాకలి చేతులెందుకు పొక్కాయో, ఏం చేస్తే పొక్కవో సూరయ్య చెప్పకుండానే చేసి చూపించాడు. ఆ రోజంతా నానబెట్టి నీళ్ళు మార్చాడు. ఆదివారం తెల్లవారకముందే చౌడుమట్టి పెట్టి బానలో ఉడకబెట్టి, బండమీద మెల్లగా, పసిపిల్లకి నీళ్ళు పోసినట్టు ఉతికాడు. పొద్దెక్కేసరికి నేను వెళ్ళి చూస్తే కళ్ళు చెదిరాయి. ప్రపంచ పటాలు మాయమయ్యాయి. చిల్లులు చిల్లులుగానే ఉన్నాయి గాని, వాటి చుట్టూ గుడ్డ పాలనురుగులా ఉంది.

అక్కడితో నేను ఊరుకుంటే ఈ కథ లేదు. నేను హాయిగా పింఛను తీసుకుంటున్న ప్రొఫెసర్ని అయ్యుండేవాణ్ణి.

సూరయ్య కోట్లు ఆరేయడానికి వాగు ఇసుకలోకి నడుస్తున్నాడు. నేను అడ్డం పడ్డాను.

"అక్కడొద్దు. ఇవాళ సంత. బళ్ళన్నీ ఈ దారినే పోతాయి. దుమ్మంతా కోట్ల మీదే. మన తోటలో దండేలు కడదాం. నీడ, చల్లగాలి, దుమ్ముండదు."

సూరయ్య తోట వైపు ఒకసారి చూశాడు.

"తోట పూత మీదుందండీ. తేనెమంచు కురుస్తంది. పొద్దున పెద్దయ్యగారు దాన్నే తిట్టుకుంటన్నారు గదా."

మామిడి ఎరగనివాళ్ళకి చెబుతాను. పూతకాలంలో మా చెట్లకి నువ్వుగింజంత పురుగు పడుతుంది. పూతలోని రసం పీల్చి, తీపి జిగురు కింద చిమ్ముతుంది. ఆకులు నూనె రాసినట్టు నిగనిగలాడతాయి, చెట్టు కింద నడిస్తే కాలు అంటుకుంటుంది. అదే తేనెమంచు. చిన్నప్పుడు ఆ ఆకులు నాకిన వెధవల్లో నేనూ ఒకణ్ణి. మా నాన్న అన్నం ముందు కూర్చుని కూడా "ఈ ఏడు పూతంతా తేనెమంచు పాలు" అని తలపట్టుకుంటున్నాడు. ఇన్ని తెలిసిన మామిడితోట కొడుకు ఏం చేయాలి? సూరయ్య వెంట ఇసుకలోకి నడవాలి.

నేను శాస్త్రవేత్తను. ప్రయోగం చేశాను.

జేబులోంచి తెల్లకాగితం తీసి పెద్దరసం చెట్టు కింద పరిచాను. చేతి గడియారం చూసుకుంటూ అయిదు నిమిషాలు నిలబడ్డాను. కాగితం ఎత్తి వెలుగులో పెట్టి సూరయ్యకి చూపించాను.

"చూశావా? ఒక్క చుక్క పడలేదు."

"ఇప్పుడు గాలి లేదండీ. ఎండ వాలి గాలి తిరిగితే పడుద్ది. మా అయ్య కాడ్నించీ చూస్తన్నాం."

"మీ అయ్య బి.ఎస్సీ. చదివాడా?"

"లేదు బాబూ. బట్టలుతికాడు."

ఇప్పుడు తలుచుకుంటే ఆ జవాబుకి నేను అక్కడే మోకాళ్ళ మీద కూర్చోవలసింది. అప్పుడు మాత్రం గెలిచాననుకున్నాను. చదవేస్తే ఉన్నమతి పోయిందని ఊరికే అనలేదు పెద్దలు. నాకు మొదట్నించీ ఉన్నది కొంచెమే కాబట్టి పోయినట్టు కూడా తెలియలేదు.

"నువ్వెళ్ళి అన్నం తిని పడుకుని రా. ఈ సంగతి నేను చూసుకుంటాను" అన్నాను. దొర కొడుకు మాటకి చాకలి ఎదురు చెప్పే కాలం కాదది. తడికోట్ల గంప తోటలో దించి వెళ్ళిపోయాడు.

చెట్టుకీ చెట్టుకీ తాళ్ళు కట్టి పద్దెనిమిది కోట్లూ ఆరేశాను. తలకాయలు లేని పద్దెనిమిది మంది కెమిస్టులు మా తోట చూడ్డానికి వచ్చినట్టుంది. వాళ్ళ మధ్య చాప వేసుకుని నేనూ పడుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో వాళ్ళకీ నాకూ పెద్ద తేడా లేదు, నాకూ పైన ఏమీ లేదు.

లేచేసరికి పొద్దు వాలింది. గాలి తిరిగింది. జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది. చెమట అనుకున్నాను. పెదవి నాలుకకి తియ్యగా తగిలింది. మంచి కల వచ్చిందేమో అనుకున్నాను. కోట్లు ముట్టుకుంటే ఫెళఫెళలాడుతున్నాయి, మెరుస్తున్నాయి కూడా. ఈలోగా సూరయ్య వచ్చాడు.

"గంజి భలే పట్టింది సూరయ్యా."

అతను ఒక కాలరు వేళ్ళ మధ్య నలిపి చూశాడు. వేళ్ళు విడదీస్తే సన్నని జిగురు సాగింది.

"నేను గంజి పెట్టలేదండీ. మందు నీళ్ళు తిన్న గుడ్డ, గంజికి ఆగదు."

ఇక్కడ మళ్ళీ ఒక అవకాశం ఇచ్చాడు దేవుడు. నేను దాన్ని కూడా వాడుకోలేదు. మన వాగు నీళ్ళలో లవణాలు ఉంటాయనీ, అవి గుడ్డలో చేరి బిగుసుకుంటాయనీ, దాన్ని కఠినజలం అంటారనీ పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. సూరయ్య అంతా విన్నాడు.

"ఒక్కసారి నీళ్ళలో జాడించనీండి బాబూ. తెల్లారేసరికి ఆరబెట్టిస్తా."

"రాత్రి బస్సు ఎవడు ఆపుతాడు, మీ అయ్యా?"

సూరయ్య కోట్లు మడతపెట్టి ఇస్తూ ఒక్కటడిగాడు.

"ఇయి నేనుతికానని మాత్రం చెప్పమాకండి బాబూ. ఉన్నదొక్క పేరు."

"చెప్పనులే" అన్నాను, ఏదో ఉపకారం చేస్తున్నట్టు.

సోమవారం పొద్దున లాబ్‌లో రాత్రే దించి పోయిన ట్రంకు పెట్టె దగ్గరికి వెళ్ళేసరికి, గోడ మూల నుంచి పెట్టె తాళం కన్నం దాకా ఎర్రచీమల బారు. వస్తున్నవి వస్తున్నాయి, పోతున్నవి పోతున్నాయి. నూజివీడు సంతలో కూడా అంత క్రమశిక్షణ చూడలేదు నేను. మూత తెరిచాను. రాత్రంతా ఒకదాని మీద ఒకటి అణిగి, పద్దెనిమిది కోట్లూ కలిసి ఒకే కోటు అయిపోయాయి. పెనానికి అంటిన అట్టు లాగినట్టు ఒక్కొక్కటే ఊడబెరికాను. దులిపినన్ని చీమల్ని దులిపాను. గంట కొట్టారు. వరసగా పంచాను.

"చెయ్యి దూరడం లేదేంట్రా?" అన్నాడు విశ్వనాథం. కోటు చెయ్యి లోపల అతుక్కుపోయింది.

"కొత్తగా ఉతికారు కదా, బిగుతుగా ఉంటుంది. గట్టిగా తొయ్యి."

తోశాడు. చెయ్యి దూరింది. చీమలున్న చోటికే దూరింది.

ఆ తరవాత జరిగింది పరీక్షో భజనో చెప్పలేను. ఒకడు బ్యూరెట్టు చూస్తూ గెంతాడు. ఒకడు మెడ వెనక చెయ్యి పెట్టుకుని గుండ్రంగా తిరిగాడు. అన్నిట్లోకీ తక్కువ చిల్లులుండే మంచి కోటు ఏరి, యూనివర్సిటీ నుంచి వచ్చిన పెద్దమనిషికి నేనే స్వయంగా తొడిగించాను. ఆయన నాలుగడుగులు వేసి ఆగారు. కాలరు కింద చెయ్యి పెట్టి, ఒక చీమని తీసి, కిందకి వదిలారు. తరవాత వేలికంటిన జిగురు చూసుకుని నాలుక మీద పెట్టుకున్నారు.

హెడ్డుగారి ముఖం పాలిపోయింది. లాబ్‌లో ఏదీ నోట్లో పెట్టుకోకూడదని మాకు మూడేళ్ళుగా చెబుతున్నది ఆయనే.

"ఈ కోట్ల బాధ్యత ఎవరిది?" అడిగారు పెద్దమనిషి.

హెడ్డుగారు నా వైపు చూశారు. నేను ఏం చెప్పానో వినండి. ఇంతదాకా నవ్వారు కదా, ఇక్కడ కాస్త తిట్టుకోండి.

"మా ఊరి చాకలి సూరయ్య నిర్వాకమండీ. గంజిలో ఏదో కలిపినట్టున్నాడు."

ఒక్కటే అడిగాడు సూరయ్య, పేరు చెప్పొద్దని. నా నోట్లోంచి ముందుగా ఊడిపడింది ఆ పేరే.

"ఏం కలిపాడో కనిపెట్టు. పేరు కనిపెట్టమని నీకిచ్చిన ఉప్పు తరవాత చూద్దాం, ముందు ఈ కోటు చేతిని పరీక్ష చెయ్యి" అన్నారు పెద్దమనిషి.

నా కోటు చెయ్యి గోరువెచ్చని నీళ్ళలో ముంచి పిండాను. ఆ నీళ్ళలో చక్కెర ఉందో లేదో చెప్పే నీలిరంగు మందు కలిపి దీపం మీద పెట్టాను. నీలం కాస్తా ఇటిక రంగుకి తిరిగింది. మూడేళ్ళలో ఆ పరీక్ష నాకు అంత అందంగా ఎప్పుడూ రాలేదు. విశ్వనాథం గోక్కోవడం ఆపి మరీ చూశాడు.

"ఏం తేలింది?"

"చక్కెరండీ."

"చక్కెర. కంట్రోలు రోజులు. మా ఇంట్లో కాఫీకి బెల్లం వేస్తున్నారు. మీ ఊరి చాకలి పద్దెనిమిది కోట్లకి చక్కెర పట్టించాడంటే, ఆయన దగ్గర ఎన్ని బస్తాలుండాలి?"

నేను పరీక్షగొట్టం కడగడం మొదలుపెట్టాను.

"మాది చింతలపూడి దగ్గర. మాకూ తోటలున్నాయి" అన్నారాయన నెమ్మదిగా. "ఇవి పూతమీదున్న మామిడిచెట్టు కింద ఆరేసిన బట్టలు. ఎవరు ఆరేశారు?"

"నేనండీ."

"వద్దని ఆయన చెప్పలేదా?"

"చెప్పాడండీ."

"నువ్వేమన్నావు?"

చీమలు కూడా కుట్టడం ఆపి వింటున్నాయనిపించింది.

"మీ అయ్య బి.ఎస్సీ. చదివాడా అన్నానండీ."

ఆయన కోటు విప్పి, జాగ్రత్తగా మడతపెట్టి, నా చేతిలో పెట్టారు. మిగిలిన పరీక్ష అందరూ కోట్లు లేకుండానే చేశారు. కంట్రోలు గుడ్డతో కొత్తగా కుట్టించుకున్న విశ్వనాథం చొక్కాకి ఆసిడు పడి రూపాయంత చిల్లు పడింది. డిమాన్‌స్ట్రేటర్ పోస్టు కూడా వాడికే పడింది. రెండూ న్యాయమేనని ఒప్పుకోవడానికి నాకు పదేళ్ళు పట్టింది. నాకిచ్చిన ఉప్పు ఏమిటో నేను కనిపెట్టలేకపోయాను. ఆ రోజు నేను సరిగ్గా చేసిన పరీక్ష నా కోటు చేతిదొక్కటే. ఎలాగో గట్టెక్కి డిగ్రీ పుచ్చుకుని ఇంటికొచ్చాను. మా నాన్న ఉడతల్ని తోలే డప్పు చేతికిచ్చాడు.

రసాలు పండే వేళకి మా ఇంటికో కవరు వచ్చింది. పైన సూరయ్యగారికి అని, కింద మా హెడ్డుగారి పేరు ఉంది. 'గారు' చూసి పోస్టుమాన్ రెండుసార్లు చదువుకున్నాడు. ఊళ్ళో అతణ్ణి ఎవరూ అలా పిలిచి ఎరగరు. సూరయ్యకి చదువు రాదు కాబట్టి చదివి పెట్టే భాగ్యం నాది. వాగు ఇసుకలో నిలబడి చదివాను.

"అయ్యా, మీరు ఉతికిన కోట్లు మళ్ళీ ఒకసారి నీళ్ళలో జాడించగా, లోపల మరక ఒక్కటి లేదు. తప్పు మీది కాదని అందరి ముందూ తేలింది. ఇకమీదట మా లాబొరేటరీ కోట్లు మీకే పంపదలిచాము. ఎక్కడ ఆరేయాలో మీ ఇష్టం. మీ ఊరి బి.ఎస్సీ. కుర్రవాణ్ణి మాత్రం వాటి దగ్గరికి రానివ్వకండి, బస్సు దాకా మూట మోయడానికి తప్ప."

సూరయ్య తడిచేతులు పంచెకి తుడుచుకున్నాడు.

"ఆ చివరి ముక్క ఇంకోపాలి చదవండి బాబూ."

చదివాను. మూడోసారి మంగమ్మ కోసం, అంటే ఆయన భార్య కోసం, గట్టిగా చదివాను. అలా నాకు లాబొరేటరీలో ఉద్యోగం రానే వచ్చింది. నెలకోసారి పట్నం నుంచి మూట దిగేది, బస్సు దగ్గర్నుంచి వాగుదాకా, మళ్ళీ వాగు నుంచి బస్సుదాకా నా నెత్తి మీదే. మా నాన్న ఆ పని నాకు తప్ప ఎవరికీ చెప్పనిచ్చేవాడు కాదు.

మొదటి మూట తిరిగి బస్సుకి మోయాల్సిన రోజున, సూరయ్య పేరు నేనే చెప్పానన్న సంగతి నోరు విప్పి ఒప్పుకున్నాను. తెలుసన్నట్టు తలాడించాడు. ఆ తలాడింపు చీమలకన్నా గట్టిగా కుట్టింది. అందుకని అక్కడికక్కడే, తడి ఇసుకలో నిలబడి, చెయ్యి చాచి ప్రమాణం చేశాను: నా ఊపిరి ఉన్నంతకాలం పూతమీదున్న చెట్టు కింద నూలుపోగు కూడా ఆరేయను, నాలుగు పదుల ఏళ్ళు నీళ్ళలో నిలబడ్డ మనిషి వద్దు అంటే నా జేబులో కాగితం తీయను, ఎవరి అయ్య ఏం చదివాడో అడగను, సూర్యచంద్రులూ ఈ వాగూ సాక్షి, సూరయ్యగారూ.

ఆయన అంతా ఓపిగ్గా విన్నాడు, కఠినజలం గురించి విన్నట్టే.

"మంచిది బాబూ" అన్నాడు. "ఆరినయ్యి కట్టేశా. బస్సు పోద్ది, మూటెత్తండి."